జోడీ లేకుండా దిగినవాడు

కోలారు బస్సు మా గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఆగినప్పుడు ముందు దిగింది నా ట్రంకు పెట్టె. దాని వెనక పరుపుచుట్ట. ఆ రెండింటి వెనక, వాటిని మోసే కూలివాడిలా, నేను.

ఆ పెట్టె గురించి కొంచెం చెప్పుకోవాలి. బంగారు గనులు దొరల చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చినప్పుడు సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర, మోయించుకుపోయే ఓడ దొరక్క దాన్ని వదిలేశాడని మా గని కార్మికుల ఇళ్ళ లైన్లలో చెప్పుకునేవాళ్ళు. మా నాయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మూత ఎత్తాలంటే ఒకడు ఎత్తాలి, ఇంకొకడు పక్కన నిలబడి దేవుణ్ణి తలుచుకోవాలి. నేలమీద పెడితే వీధి చివర పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. మా ఊళ్ళో కుక్కలకు భూమి అదరడం కొత్త కాదు. కింద గనిలో ఎక్కడో రాయి పగిలితే పైన మా వంటింట్లో గిన్నెలు దొర్లేవి, కుక్కలు మాత్రం ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకునేవి. అలాంటి కుక్కలు లేచాయంటే, పెట్టె సంగతి మీరే ఊహించుకోండి.

కాలేజీలో చదివే కుర్రాడు శనివారం ఇంటికి వస్తే చేతిసంచితో వస్తాడు. మాసిన బట్టలు తెస్తాడు, ఉతికినవి పట్టుకుపోతాడు. ట్రంకుతో, పరుపుతో వచ్చాడంటే అర్థం ఒక్కటే. బస్‌స్టాండు నుంచి మా ఇంటి దాకా ప్రతి గుమ్మానికీ అది అర్థమైంది. నేను పీయూసీ, అంటే కాలేజీ చదువులో మొదటి మెట్టు, మానేసి వచ్చేశాను. ఇక గనిలో చేరిపోవాలని తీర్మానం చేసుకునే బస్సెక్కాను.

కారణాలు చిన్నవేం కావు. పదో తరగతి దాకా నా చదువంతా తెలుగులో సాగింది. కోలారు కాలేజీలో చెట్లకు తప్ప అందరికీ ఇంగ్లీషు వచ్చు. కెమిస్ట్రీ లెక్చరరు నోరు తెరిచాడంటే క్రషింగు మిల్లు మొదలైనట్టే, గంట కొట్టేదాకా ఆగదు. మొదటిరోజు ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ‘సిట్ డౌన్’ ఒక్కటే. అదీ నన్నే అన్నాడు కాబట్టి. హాస్టల్లో అందరూ ముఠాలు ముఠాలుగా తిరిగేవాళ్ళు. నేను భోజనాల గదిలో గోడవైపు తిరిగి తినేవాణ్ణి. ఆ గోడమీద సున్నం పెచ్చు ఊడిన ప్రతి చోటూ నాకు చుట్టమైపోయింది. అంతలో పరీక్ష పెట్టారు. ఫలితం ఎలా ఉందంటే, లెక్కలు ఒక్కటి నన్ను ఒడ్డున నిలబెట్టింది, మిగతావన్నీ కలిసికట్టుగా ముంచేశాయి.

ఇంట్లో ఈ మాట చెప్పాలి కదా. బస్సులో కూర్చుని మూడు సంపుటాల గ్రంథం తయారుచేశాను. మొదటి సంపుటం హాస్టలు సాంబారు మీద. రెండోది నల్లుల మీద. అందులో నల్లులు కుక్కపిల్లలంత ఉంటాయి. మూడోది వార్డెను దుర్మార్గం. పాపం ఆయన ఈగకు కూడా దారి ఇచ్చి నడిచే మనిషి, అయినా నా గ్రంథంలో రావణాసురుడు ఆయన ముందు బడిపిల్లాడు. ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు సిద్ధం.

గుమ్మంలోకి రాగానే అమ్మ పెట్టెను చూసింది, పరుపును చూసింది, నన్ను చూసింది.

“నీళ్ళు కాగుతా ఉండాయి. పొయ్యి స్నానం చెయ్‌పో నాయనా,” అంది.

“అమ్మా, అదేందంటే, హాస్టల్లో సాంబారు...”

“స్నానం చెయ్‌పో.”

మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. గనిలోంచి పైకి వచ్చిన మనిషిని స్నానం చేసి, కాఫీ తాగి, కడుపునిండా తినేదాకా ఏమీ అడగకూడదు. కింద వేడికి తల ఉడికిపోయి వస్తాడు. అప్పుడు మాట్లాడేది మనిషి కాదు, ఆ వేడి, అని అమ్మ నమ్మకం. నాయన ఏ రోజైనా ముఖం మాడ్చుకుని వస్తే, పైకప్పు కూలిందా, పై అధికారి తిట్టాడా అని ఆవిడ అడిగేది కాదు. నీళ్ళు తోడేది. ఆ చట్టం నామీద ప్రయోగిస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

స్నానం అయింది. కాఫీ అయింది. సంగటి, చింతాకు పప్పు అయ్యాయి. ఇప్పుడైనా అడుగుతుందని మొదటి సంపుటం తెరిచి కూర్చున్నాను. ఆవిడ చాటలో రాగులు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

సాయంత్రం నాయన షిఫ్టు దిగి వచ్చాడు. కింద ఆయనది టింబరు పని. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాలి. ముందు ఇనప గడతో కప్పును తట్టి చూస్తారు. రాయి గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల బీట ఉంటే బోలుగా ఇంకో చప్పుడు. అలవాటైన ప్రాణం కదా, గడపలో ఉన్న నా పెట్టెను వంగి వేలి కణుపుతో తట్టాడు. నిండు చప్పుడు వచ్చింది. పుస్తకాలన్నీ లోపలే ఉన్నాయని ఆయనకు తెలిసిపోయింది. ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళాడు.

ఆ రాత్రీ అడగలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నా అడగలేదు. మనిషి తిట్లు ఎన్నైనా తింటాడు గానీ, అడగకపోవడాన్ని ఎంతసేపని భరిస్తాడు? నా గ్రంథం లోపలే పాచిపోతోంది. పక్కింటి అత్త పరిస్థితి నాకంటే అధ్వాన్నం. అమ్మ లైనంతా తిరిగి ‘మా పిల్లోడ్ని ఎవురూ ఏమీ అడగాకండి’ అని కట్టడి చేసి వచ్చింది. ఆ అత్త కరివేపాకు కోసమని వచ్చింది, ఉప్పు కోసమని వచ్చింది, తర్వాత ఏమీ అక్కర్లేకుండానే వచ్చింది.

“ఏంప్పా, కోలార్లో వానలు పడినాయా?”

“పళ్ళేదు అత్తా.”

“అట్లనా. వానలు లేవంటనా పెట్టి...” అనబోయి, వంటింట్లో గరిటె గట్టిగా కొట్టిన చప్పుడు విని, “పెట్టినారా జొన్నలు ఈ తూరి?” అని సర్దుకుంది. కోలారు కాలేజీ ఆవరణలో జొన్నలు ఎందుకు పెడతారో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

సాయంత్రం నాయన వాకిట్లో గోనెపట్ట మీద కూర్చుని గొడ్డలికి పదును పెడుతున్నాడు. ఇక నావల్ల కాలేదు.

“నాయనా, నేను ఇంగ కాలేజీకి పోను.”

“ఊ.”

“నీతో పాటు గనిలోకి వస్తాను.”

“ఊ.” గొడ్డలి పక్కన పెట్టాడు. “ఏమైనాదో చెప్పప్పా. వింటా ఉండాను.”

మూడు సంపుటాలూ నోటిదాకా వచ్చాయి. కానీ అంతసేపు అడగకుండా ఉన్న మనుషులకు అబద్ధం చెప్పాలంటే నోరు రాదు. ఆ అడగకపోవడం ఎంత పెద్ద కుట్రో నాకు అప్పుడు తెలిసింది. సాంబారు పోయింది, నల్లులు పోయాయి, వార్డెను నిర్దోషిగా విడుదలయ్యాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పాఠం తలకెక్కడం లేదని, పరీక్ష పోయిందని, అక్కడ నోరు విప్పడానికి ఒక మనిషి లేడని. చివరికి ముక్కు కూడా చీదాను.

పరీక్ష పోయిందన్నప్పుడు నాయన రెప్ప కూడా కదల్లేదు. చివరి మాటకు మాత్రం తల ఎత్తాడు.

“నీ పక్కన ఎవురుండారు ఆడ?”

“ఎవురూ లేరు.”

“ఎవురూ లేరంటే? కూడా కూచుని చదివేవోడు? కూడా తినేవోడు?”

“ఎవురూ లేరు నాయనా. ఒగడ్నే.”

మా నాయన లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం రావడం నేను నా జన్మలో చూసింది తక్కువ. ఆ రోజు చూసింది మాత్రం మిగతా జన్మకు సరిపడా ఉంది.

“ఏమ్మే! ఇట్ల రా! విన్నావా, నీ కొడుకు జోడీ లేకుండా దిగినాడంట!”

అమ్మ పరుగెత్తుకొచ్చి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. పరీక్ష పోయిన సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. వాళ్ళ లెక్కలో అదసలు వార్తే కాదు. గనిలో ఏ పనికైనా ఇద్దరు కలిసి వెళతారు. ఒకడు కప్పు తడుతుంటే ఇంకొకడు దీపం పట్టి చూస్తాడు. కొత్తవాడికి పాతవాణ్ణి జోడీగా వేస్తారు. ఇద్దరూ కలిసే కిందికి వెళతారు, కలిసే పైకి వస్తారు. ఒంటరిగా వెళ్ళినవాడికి పిచ్చి అనుకుంటారు, పంపినవాణ్ణి మనిషే కాదంటారు.

“నన్ను అరిస్తే ఏమొస్తాది?” అని అమ్మ ఎదురు తిరిగింది. “నువ్వు గదా పొయ్యి చేర్పించి వచ్చినావు! మంచం కోళ్ళు ఊపి చూసినావు, తలుపు గడి చూసినావు, కప్పును కూడా కర్రతో తట్టి చూసినావంట, వార్డెను సారు నవ్వినాడని నువ్వే చెప్పినావు. జోడీని చూసినావా?”

నాయన గొడ్డలివైపు చూశాడు. “చూడలా,” అన్నాడు. “అది నా తప్పే.”

తర్వాత నా పక్కన కూర్చున్నాడు. “గనిలోకి వస్తానంటే రా. నేను అడ్డం పడను. కానీ ఒగసారి జోడీతో దిగి చూడు. పరీక్షల దాకా. అప్పటికీ నీకు ఆడ గాలాడకపోతే, నేనే వచ్చి ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని తెస్తాను.”

ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుంటానన్నాడంటే ఆ మాట ఎంత బరువైందో చూడండి. నేను సరేనన్నాను. బేరం కుదిరింది.

సోమవారం నాయన సెలవు పెట్టి, తన పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. పెళ్ళినాడు ఆయన ఎంత సన్నగా ఉండేవాడో ఆ కోటు బొత్తాలు అడుగడుగునా గుర్తుచేస్తున్నాయి. ఒక చేతిలో అరటిపళ్ళ హస్తం. నేనూ నా ట్రంకూ వెనక. హాస్టలు వార్డెను గదిలోకి వెళ్ళి, షిఫ్టు బాసు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

“సార్, మావోనికి జోడీ కావాల.”

“జోడీ అంటే? యారు, ఎవరు?” అన్నాడు వార్డెను, కన్నడం కలిపి.

“పాతోడు సార్. ఈ జాగా అంతా తెలిసినోడు. ఈడ అందరికన్నా జాస్తి సర్వీసు ఎవురికి ఉండాది?”

వరండాలో తొంగిచూస్తున్న కుర్రాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. నేను నేల చీలితే బాగుండుననుకున్నాను. మామూలుగా మా ఊళ్ళో చీలుతుంది కూడా. కోలార్లో ఆ సౌకర్యం లేదు.

ఎందుకంటే ఆ హాస్టల్లో అందరికంటే సర్వీసున్న విద్యార్థి ఎవరో అందరికీ తెలుసు. శ్రీనివాసపురం మామిడితోటల ఆసామి కొడుకు. పీయూసీలో పాతుకుపోయాడు. తనతో చేరినవాళ్ళు డిగ్రీలై, పెళ్ళిళ్ళై, పిల్లల్ని బళ్ళో వేస్తుంటే, ఆయన అదే బెంచీ మీద అదే పాఠం వింటున్నాడు. ఆయన మీసం వయసులో సగం ఉంటుంది మా ఇంగ్లీషు లెక్చరరు ఉద్యోగం. అందరూ ఆయన్ని తాతా అని పిలిచేవాళ్ళు. కుర్రాళ్ళు ఆ పేరే అరిచి, ఎన్నేళ్ళుగా ఉన్నాడో కూడా చెప్పి, చెట్టుకింద నవ్వుతూ కూర్చున్న ఆయన్ని నాయనకు చూపించారు.

“అయ్యా, అది సర్వీసు కాదు,” అని వార్డెను మెల్లగా చెప్పబోయాడు. “అతను పాసు కాలేదు, అందుకని...”

“పాసు గీసు నాకు తెల్దు సార్. అన్నేండ్లు లోపలుండి కూడా మనిషి నవ్వతానే ఉండాడంటే, యాడ కూలతాదో యాడ నిలస్తాదో వానికి తెలిసే ఉంటాది. ఆ అప్పనే పిలిపించండి.”

గనిలో అయితే ఆ లెక్క తప్పదు. అక్కడ ఎక్కువ కాలం ఉన్నవాడంటే ఎక్కువ తెలిసినవాడే. కాలేజీలో ఎక్కువ కాలం ఉండటానికి వేరే కారణం ఉంటుందని మా నాయనకు ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తాత వస్తూనే నాయన అరటిపళ్ళు ఆయన చేతిలో పెట్టి, నా చెయ్యి కూడా పెట్టాడు. “మావోడ్ని నీకు అప్పగిస్తా ఉండానప్పా. కొత్తోడు. భయపడినాడు. నువ్వు పెద్దోడివి, చూసుకో. నువ్వు యాడ అడుగేస్తే ఆడే వేస్తాడు.”

ఆ అడుగులు ఎటు వెళుతున్నాయో తెలిసిన కుర్రాళ్ళు నవ్వలేక స్తంభాలు పట్టుకున్నారు. కానీ ఆయన నవ్వలేదు. ఆ కాలేజీలో అడుగుపెట్టాక ఆయన్ని ఒకరు పెద్దవాడని, కోటు వేసుకొచ్చి మరీ గౌరవించడం అదే మొదలు. మీసం వణికింది.

“చూసుకుంటా మామా,” అన్నాడు. “నాకేమీ రాదు. అయినా చూసుకుంటా.”

“రాకపోతే ఏమి? ఇద్దరుండారు గదా,” అని మా నాయన బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నేను గోడవైపు తిరిగి తినలేదు. నా కంచం పక్కన ఆయన కంచం వచ్చింది. నా మంచం పక్కకు ఆయన మంచం వచ్చింది, కిందనున్న ఊరగాయ జాడీలతో సహా. ఇంక చదువు సంగతి. అక్కడే ఒక విచిత్రం బయటపడింది. కెమిస్ట్రీ లెక్చరరు ఏటా అదే పాఠం, అదే మాటల్లో చెప్పేవాడు. అన్నేళ్ళు విన్న మా జోడీకి మొత్తం కంఠస్థం. ఇంగ్లీషు వాక్యం, మధ్యలో లెక్చరరు దగ్గు, కిటికీవైపు తిరిగి ‘సైలెన్స్’ అనడం, అన్నీ వాటి వాటి స్థానాల్లో పలికేవి. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు.

“ఆపన్నా! ఆ ముక్క మళ్ళా చెప్పు, నిదానంగా.”

“యాడ నుంచి? దగ్గుకు ముందా, దగ్గు తర్వాతా?”

“దగ్గుకు ముందు నుంచి.”

క్లాసులో లెక్చరరును ఆపమనలేను. ఈయన్ని ఎన్నిసార్లైనా ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఒక్కొక్క మాట విడదీయొచ్చు. నేను ఆ మాటలకు డిక్షనరీలో అర్థం వెతికి, తెలుగులో కూడగట్టి, ఆయనకు చెప్పేవాణ్ణి. “ఓహో, ఆ మహానుభావుడు ఇన్నేండ్లుగా చెప్తా ఉండేది ఇదా!” అని ఆయన మంచం మీద గుద్దేవాడు. ఆ గుద్దుకు ఊరగాయ జాడీలు మా ఊరి గిన్నెల్లా దొర్లేవి. ఆయన చెవులూ నా డిక్షనరీ కలిస్తే ఒక పూర్తి విద్యార్థి తయారయ్యేవాడు.

శనివారాలు చేతిసంచితో ఇంటికి వెళ్ళేవాణ్ణి. అమ్మ స్నానానికి నీళ్ళు తోడేది. నాయన మార్కుల మాట ఎత్తేవాడు కాదు. “నీ జోడీ బాగుండాడా? తింటా ఉండాడా?” అనేవాడు. ఆదివారం సాయంత్రం నా సంచిలో రెండు డబ్బాల చట్నీపొడి పడేది, ఒకటి నాకు, ఒకటి ఆయనకు. ఆయన డబ్బా కొంచెం పెద్దదిగా ఉండేది. అడిగితే, “పాతోడు గదా, ఆకలి జాస్తి,” అనేది అమ్మ.

ఒకసారి మధ్యలో మరో పరీక్ష పోయింది. ఈసారి నేను ట్రంకు వైపు చూడనైనా చూడలేదు. మా జోడీ పక్కన కూర్చుని, పరీక్ష పోవడంలో తనకున్న అనుభవమంతా రంగరించి ఓదార్చాడు. ఆ విషయంలో ఆయన్ని మించిన పండితుడు మైసూరు రాజ్యంలోనే లేడు. “మొదటిసారి పోతే రెండ్రోజులు అన్నం పోదు. తర్వాత బాగానే పోతాది. నువ్వు ఆ రెండ్రోజులు పొడి కలుపుకుని తిను, అంతే,” అన్నాడు. తిన్నాను. బాగానే పోయింది.

వార్షిక పరీక్షలు రాశాం. ఫలితాలు వచ్చిన రోజు కోలారు నుంచి నేను, గనిలోంచి నాయన, ఒకేసారి గుమ్మం ముందు ఎదురుపడ్డాం. నేను నోరు తెరిచాను. ఆయనా తెరిచాడు. అమ్మ ఇద్దరికీ మధ్యన చెంబుతో నిలబడింది.

“ఇద్దరూ పైకొచ్చినోళ్ళే. ఇద్దరూ స్నానం చెయ్యండి.”

“ఒక్క మాట అమ్మా...”

“స్నానం చెయ్‌పో!”

నాయన ఆ రోజు చేసిన స్నానం మా లైన్ల చరిత్రలోనే కురచది. నీళ్ళు పడిన చప్పుడు వినపడేలోపు బయటకొచ్చాడు. కాఫీ పొగలు కక్కుతుంటే ఊదకుండా మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కాఫీవే. సంగటి ముద్ద దిగింది. అప్పుడు అమ్మ తల ఊపింది.

“పాసైనాను నాయనా. అన్నింటిలో.”

ఆయన ముఖం వెలిగింది. ఒక్క క్షణమే. వెంటనే, “జోడీ?” అన్నాడు.

“ఇంగ్లీషు గట్టెక్కినాడు, కెమిస్ట్రీ గట్టెక్కినాడు నాయనా! అన్నీ గట్టెక్కినాయి. లెక్కలు ఒక్కటే ఉండిపోయింది. లెక్కల లెక్చరరు అంతా బోర్డు మీద రాస్తాడు గదా, నోటితో చెప్పడు. అందుకని అన్నకు పట్టుబళ్ళేదు.”

నాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“లెక్కలు నీకు బాగా వస్తాయి గదా?”

“వస్తాయి.”

“వాడు కిందనే ఉండాడు. నువ్వు పైకొచ్చేసినావు.”

ఆయన గొంతు పెంచలేదు. నేను అమ్మవైపు చూశాను. ఆవిడ అప్పటికే లేచి పొడి డబ్బాలు కడుగుతోంది. ఈసారి రెండూ పెద్దవే.

రెండ్రోజుల తర్వాత శ్రీనివాసపురంలో బస్సు ఆగినప్పుడు ముందు దిగింది నా ట్రంకు పెట్టె. మామిడికాయల కాలం. మండీ ముందు బారులు తీరిన లారీల మధ్య ఉన్న బండి ఎడ్లన్నీ ఆ పెట్టె చప్పుడుకు బెదిరాయి. తోటలో మా జోడీ కాయలు గంపలకెత్తిస్తూ, నన్నూ పెట్టెనూ చూసి నిలబడిపోయాడు. ఒళ్ళంతా చెమట, మామిడి సొన మరకలు.

“నువ్వెందుకొచ్చినావురా? నేను మానేసినాను. నాన్నకు చెప్పేసినాను. తోట చూసుకుంటా. ఎందుకంటే నాకు...”

“పొయ్యి స్నానం చెయ్ అన్నా,” అన్నాను. “తర్వాత చెప్దువు.”

చేతిసంచిలోంచి ఆయన డబ్బా తీసి పక్కన పెట్టి, మామిడిచెట్టు నీడన ట్రంకు మీద కూర్చున్నాను. ఆయన బావి దగ్గర నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ లెక్కల పుస్తకం తెరవలేదు. ఆయన ఇంకా తినాలి కదా.